తుంగభద్రా తీరమున మన సేద్యము : నీరు, ఎరువు, విషము

కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారి సంచికలలో తుంగభద్ర ఎడమగట్టు ముచ్చట లేని సంచిక అరుదు. మన పెద్దలు కృష్ణా గోదావరీ మండలముల నుండి కుటుంబములతో తరలివచ్చుట, తుమ్మచెట్లు కొట్టి నల్లరేగడిని చదును చేయుట, జొన్న పండిన నేలపై వరి పండించుట, గంగావతి, కారటగి, సింధనూరులు ధాన్యపు విపణులుగా పెరుగుట మనము పదేపదే చెప్పుకొను మాటలు. అవి నిజములు, చెప్పుకొనదగినవి. కాని సేద్యగాండ్ర చరిత్రను బస్తాల లెక్కతో ముగించినచో సగమే చెప్పినట్లగును. ఆ బస్తాలు పండుటకు నేలలో ఏమి పోసితిమి, నీటిలో ఏమి కలిపితిమి, ఏడు దశాబ్దముల పిమ్మట ఆ నేలయు ఆ నీరును ఏ స్థితిలో నున్నవి అను రెండవ సగమును చెప్పుట ఈ వ్యాసము పని. దేశము సంపన్నమగుటకును, దేశపు నేలయు నీరును చెడుటకును గల సంబంధమును తెలిసికొనుటకు మనము పరదేశముల కథలు వెదకనక్కరలేదు. తుంగభద్ర ఒక్కటి చాలును.

ఆనకట్టకు పూర్వపు సంగతి కొంత చెప్పవలెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది చరిత్రలో యుద్ధములకు పేరుపొందినది గాని పంటలకు కాదు. విజయనగర రాజులును బహమనీ సుల్తానులును దీనికొరకు తరతరములు పోరాడిరి. ఇచట వాన తక్కువ, అదియు నమ్మరానిది. నల్లరేగడి వానకాలపు తేమను పట్టియుంచును గనుక రైతు ఆ తేమమీదనే జొన్న, పత్తి, కుసుమ, శనగ పండించుకొనుచుండెను. 1876-78 నాటి మహాక్షామము, మన పెద్దలు ధాత కరువని పిలిచినది, బళ్ళారి ప్రాంతమును ఊడ్చివేసెను. అయితే నదిని ఆనుకొని సన్నని పట్టీగా పచ్చని నేలలు అప్పుడును ఉండెను. విజయనగరపు రాజులనాడు త్రవ్వించిన రాయకాలువ, బసవన్న కాలువ, తుర్తుకాలువ మొదలగునవి హోస్పేట ప్రాంతమున వరికి, చెరకునకు, అరటికి నీరిచ్చుచు వందల యేండ్లు నిలిచినవి. ఆ కాలువలు ఏరు ప్రక్కనే సాగినవి. మిగులు నీరు పల్లమునకు జారి తిరిగి ఏటిలోనికే పోవుచుండెను. ఈ చిన్న విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాతి కథ యంతయు దీనిమీద ఆధారపడియున్నది.

తుంగభద్రకు పెద్ద ఆనకట్ట కట్టవలెనను ఆలోచన 1860లో సర్ ఆర్థర్ కాటన్ చేసెనందురు. గోదావరిని కట్టిన చేయి తుంగభద్రను కూడ తలపెట్టెను గాని, మద్రాసు ప్రభుత్వమును నిజాము ప్రభుత్వమును ఒక మాటమీదికి వచ్చుటకు ఎనుబదియైదేండ్లు పట్టెను. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగెను. 1953 నాటికి నీరు నిలిచెను. నిర్మాణమున మద్రాసు వైపు ఇంజనీరు తిరుమల అయ్యంగారి పేరు నేటికిని ఆ తీరమున వినవచ్చును. అదే సంవత్సరము ఆంధ్రరాష్ట్రమేర్పడెను. బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలిసెను. 1956లో రాయచూరు మండలమును మైసూరులో చేరెను. ఆ విధముగా, ఆనకట్టకు కుడియెడమల రెండు ప్రక్కలను పొలము కొన్న తెలుగువాడు కొద్ది యేండ్లలో తాను కదలకయే మరియొక రాష్ట్రపు పౌరుడయ్యెను.

ఎడమగట్టు కాలువ పొడవు సుమారు 227 కిలోమీటర్లు. దానిక్రింద ఇంచుమించు ఆరు లక్షల ఎకరములకు నీరివ్వవలెనని ప్రణాళిక. ఉన్న నీటితో అంత నేలను వరికి తడుపుట అసాధ్యమని ఇంజనీర్లకు తెలియును. వారి ఉద్దేశము వేరు. కరువునుండి ఎక్కువ మందిని కాపాడుటకు కొంచెము నీటిని విశాలముగా పరచుట వారు కోరినది. అందుకొరకు ఏ సర్వే నంబరున ఏ పంట వేయవలెనో ముందుగానే నిర్ణయించిరి. దీనికి లోకలైజేషన్ అని పేరు. అధిక భాగము జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు, స్వల్ప భాగము మాత్రమే వరికి కేటాయింపబడెను. కాగితముమీద ఇది ధర్మబద్ధమైన పంపకము. మరియొక కారణమును కలదు. నల్లరేగడి జిగురు నేల. నీరు త్వరగా క్రిందికి దిగదు, ప్రక్కకు పోదు. వాన తక్కువైన సీమలలో నేల అడుగున లవణములు పేరుకొని నిద్రించుచుండును. పైన నీరు నిత్యము నిలిపినచో భూగర్భ జలమట్టము పైకి లేచి, ఆ లవణములను వెంటబెట్టుకొని వచ్చును. ఎండకు నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును.

మనవారు వచ్చినది ఈ కాగితమునకును ఆ నేలకును నడుమ. డెల్టాలో ఒక ఎకరము అమ్మినచో ఇచట అనేక ఎకరములు కొనవచ్చు ననునది ఆనాటి లెక్క. స్థానికులైన కన్నడ రైతులకు పెద్ద పెద్ద మెట్టపొలము లుండెను గాని, వానిని చదును చేయుటకు, గట్లు వేయుటకు, పిల్లకాలువలు తీయుటకు పెట్టుబడియు లేదు, తడిసేద్యపు అనుభవమును లేదు. కొందరు అమ్మిరి, కొందరు కౌలున కిచ్చిరి. కాలువ వెంబడి మనవారు గుడిసెలు వేసికొన్న చోట్లు క్యాంపులయ్యెను. శ్రీరామనగరము వంటివి నేడు ఊళ్ళైనను క్యాంపు అను మాట మాత్రము పోలేదు. మూడు తరములు గడిచిన పిమ్మటను మన చిరునామాలో తాత్కాలిక నివాసమును తెలుపు ఆ పదము నిలిచియుండుట విచిత్రమే.

వీరు తమతో తెచ్చినది డెల్టా విద్య. నారుపోయుట, దమ్ముచేయుట, నీరు కట్టుట వారికి పుట్టుకతో వచ్చినవి. కాని డెల్టా నేల వేరు. అది నది తెచ్చి పోసిన ఒండ్రు. మురుగు కాలువల గుండా మిగులు నీరు సముద్రమునకు పోవును. అచట ఫలించిన విద్యనే సముద్రమునకు వందల మైళ్ళ దూరమున, మురుగు పోవు దారి లేని నల్లనేలపై ప్రయోగించిరి. మొదటి పంటలు బ్రహ్మాండముగా పండెను. ఏండ్ల తరబడి బీడుగానుండి సారము దాచుకొన్న నేల అది.

ఆనాటి ఎరువుల సంగతి ముచ్చటించుకొనదగినది. 1950లలో మన రైతు పశువుల పెంట తోలించెను, గొర్రెల మంద కట్టించెను, జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకు వచ్చినపుడు దమ్ములో తొక్కించెను. చేతిలో డబ్బున్నవాడు వేపపిండి, ఆముదపు పిండి వేసెను. రసాయనిక ఎరువులు మనదేశమునకు మిక్కిలి క్రొత్తవి కావు. మద్రాసు దగ్గరి రాణీపేటలో సూపరు ఫాస్ఫేటు 1906 నుండియు తయారగుచుండెను. కాని అవి రైతు గడపకు వచ్చినది బీహారులోని సింద్రీ కర్మాగారము (నేడు ఝార్ఖండులో నున్నది) 1951లో పని మొదలిడిన తరువాతనే. తెల్లని ఉప్పువలెనున్న అమ్మోనియం సల్ఫేటును చేలో చల్లుటకు చాలమంది జంకిరి. ఉప్పు చల్లిన నేల చవుడగునని వారి భయము. శాస్త్రరీత్యా ఆ భయము సరియైనది కాదు. అయినను చవుడు వేరొక దారిని రానే వచ్చెను.

1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్. 8 అను పొట్టి వంగడమును విడుదల చేసెను. మరుసటి యేట పశ్చిమ గోదావరి మండలము ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావుగారు దానిని పండించి చూపి దేశమంతట పేరొందిరి. పాత వంగడములకు నత్రజని ఎక్కువైనచో ఏపుగా ఎదిగి పడిపోవును. పొట్టి వంగడము పడిపోదు. ఎంత పెట్టినను తినును. ఇదియే మలుపు. అంతకుపూర్వము ఎరువు పంటకు తోడు. ఇక ఎరువే పంట. మన క్యాంపులకు డెల్టాతో గల చుట్టరికములవలన క్రొత్త విత్తనములు ప్రభుత్వపు విస్తరణాధికారికంటె ముందు పెండ్లిళ్ళకు పోయి వచ్చిన బంధువుల సంచులలో చేరెను. తరువాత బాపట్ల పరిశోధనా కేంద్రమున పుట్టి 1986లో విడుదలయైన సాంబమసూరియు, సోనామసూరియు ఈ ప్రాంతమునకు అన్నము పెట్టిన వంగడములయ్యెను. బెంగుళూరు నగరవాసి కంచములోని సన్నబియ్యమున ఎక్కువ పాలు ఈ కాలువ క్రిందిదే.

దేశము మొత్తము లెక్క చూడుడు. 1950-51లో మన దేశము వాడిన రసాయనిక పోషకములు సుమారు 70 వేల టన్నులు. ఆ యేటి ఆహారధాన్యములు సుమారు 5 కోట్ల 8 లక్షల టన్నులు. 2020-21లో పోషకములు 3 కోట్ల 25 లక్షల టన్నులకు చేరెను. ధాన్యము 31 కోట్ల టన్నులు. అనగా పంట ఆరు రెట్లు, ఎరువు నాలుగువందల రెట్లకు పైగా. మొదటి అంకె దాదాపు శూన్యము గనుక ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. ఎరువు లేనిచో మనము ఓడలలో వచ్చు పరదేశపు గోధుమల కొరకు ఎదురుచూచుచుందుమనునదియు నిజమే. 1965, 1966 సంవత్సరముల అనావృష్టిని చూచినవారెవ్వరును రసాయనములను ఊరక దూషింపరు. చిక్కు అంతయు పెరిగిన పద్ధతిలో నున్నది. వరిమడిలో చల్లిన యూరియాలో సగమైనను మొక్కకు అందదు. కొంత అమ్మోనియాగా గాలికి, కొంత నైట్రేటుగా బావినీటికి, కొంత మురుగునీటితో వాగునకు పోవును. మనము డబ్బిచ్చి కొన్నదానిలో పెద్ద పాలును ఏటికి దానము చేయుచున్నామన్న మాట.

ఇక మందుల కథ. మన భాషలో మందు అను మాట తమాషాయైనది. రోగము కుదుర్చునదియు మందే, తుపాకిలో కూరునదియు మందే, త్రాగి తూలునదియు మందే, పురుగును చంపునదియు మందే. పల్లెలలో యూరియా బస్తాను సైతము మందుకట్ట యనువారున్నారు. ఒకే మాటలో మేలును కీడును ఇమిడియుండుటచే మనకు జాగ్రత్త కలుగవలసినది. మొదట మేలునే చూచితిమి. డి.డి.టి.కి పురుగులను చంపు గుణము కలదని 1939లో కనుగొన్న స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమాన మిచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చునాటికి మనదేశమున ఏటేట ఏడున్నర కోట్లమంది మలేరియా పాలగుచుండిరని అంచనా. 1953లో మలేరియా నివారణోద్యమము మొదలై ఇంటింటి గోడలకును డి.డి.టి. కొట్టిన తరువాత 1965 ప్రాంతమున అది లక్షకు దిగెను. కాలువలు వచ్చినచోట దోమలు వచ్చును. ఎడమగట్టున మన తొలితరము నిలదొక్కుకొనుటలో ఆ తెల్లపొడికి భాగము లేకపోలేదు.

గోడమీదినుండి మందు చేలోనికి దిగెను. గమాక్సిన్ పొడి, ఫాలిడాల్, ఎండ్రిన్ అను పేర్లు మన పెద్దలకు కంఠస్థములు. ఎండ్రిన్ పురుగును చంపినదో లేదో గాని పల్లెటూరి ఆత్మహత్యలకు మారుపేరయ్యెను. 1958లో కేరళమున పురుగుమందు సోకిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. దాని విచారణ ఫలితముగా పదేండ్లకు, 1968లో, కీటకనాశినుల చట్టము వచ్చెను. ఈ నడుమ 1962లో అమెరికాలో రాచెల్ కార్సన్ వ్రాసిన సైలెంట్ స్ప్రింగ్ అను గ్రంథము ఈ మందులు నేలనుండి పురుగునకు, పురుగునుండి పక్షికి ఎట్లు సంక్రమించి కూడుకొనునో లోకమునకు విప్పి చెప్పెను. అమెరికా 1972లో డి.డి.టి.ని సేద్యమున నిలిపివేసెను. మనము 1989లో, బి.హెచ్.సి.ని 1997లో, ఎండోసల్ఫానును కాసరగోడు జీడితోటల గ్రామములలో పిల్లల దుఃస్థితి దేశమంతట తెలిసిన పిదప 2011లో, సుప్రీంకోర్టు ఆజ్ఞచేత. ప్రతి మందును మొదట విత్తుదుము, పిదప ఏడ్తుము, తుదకు నిషేధింతుము. అప్పటికి దుకాణమున మరియొక పేరు సిద్ధము.

మందు కొట్టినకొలది పురుగు పెరుగుట వింతగా తోచును. సుడిదోమ దీనికి మంచి ఉదాహరణము. 1970లకు పూర్వము మన వరిలో అది లెక్కకు రాని పురుగు. మడిలో సాలెపురుగులు, తూనీగలు, అక్షింతల పురుగులు, నీటిమీద పరుగెత్తు నల్లులు దానిని తిని అదుపులో నుంచెడివి. కాండము తొలుచు పురుగు కొరకు కొట్టిన మందునకు ముందుగా చచ్చినవి ఈ కావలివారే. నత్రజని ఎక్కువై మెత్తబడిన దుబ్బులు, చిక్కటి నాటు, ఎల్లప్పుడు నిలిచిన నీరు, శత్రువులేని మడి దొరికినపుడు సుడిదోమ ఏల ఊరకుండును? గుండ్రని మచ్చలుగా చేను తగులబెట్టినట్లు ఎండిపోవును. దానికి మరియొక మందు. ఇండోనేషియా ఈ చక్రమునుండి బయటపడుటకు 1986లో ఒక్క ఆజ్ఞతో 57 మందులను వరిపై వాడరాదని నిలిపివేసెను. అయినను అచట వరి దిగుబడి కూలిపోలేదు. మనదేశమున అదే కాలమున మరియొక విడ్డూరము జరుగుచుండెను. విదేశీ ద్రవ్యము కొరకు కప్పకాళ్ళను టన్నులకొలది ఎగుమతి చేయుచు, కప్పలు తినవలసిన పురుగులను చంపుటకు మందులు కొనుచుంటిమి. 1987లో ఆ ఎగుమతిని ఆపిరి. దేశాభివృద్ధి లెక్కలలో కప్పకాళ్ళ అమ్మకమును ఆదాయమే, పురుగుమందు అమ్మకమును ఆదాయమే. కప్ప మాత్రము ఏ పద్దులోను లేదు.

చవుడు విషయమునకు తిరిగి వత్తము, ఎందుకనగా ఎడమగట్టు చరిత్రలో దీనికి మించిన గాయము లేదు. ఆరుతడికి కేటాయించిన నేలలలో వరి వేసిరి. వేయుట సులభము, అమ్ముట సులభము, ఆపువారు లేరు. అధికారులు జరిమానాలు వ్రాసిరి, రాజకీయులు మాఫీ చేయించిరి. వేలకొలది ఎకరములలో నీటిమట్టము పైకి వచ్చెను. కన్నడిగులు సవళు, జవళు అని రెండు మాటలనుదురు. మొదటిది చవుడు, రెండవది ఊట. ఉదయపు వేళ గట్లమీద తెల్లగా పూసిన ఉప్పును చూచిన రైతునకు వ్యాఖ్యాన మక్కరలేదు. ఇచటనే ఒక క్రూరమైన మెలిక కలదు. ఊటపట్టిన నేలపై జొన్నగాని పత్తిగాని ఇక నిలువదు. నీటిలో నిలువగల వరి యొక్కటే గతి. వరి వేసినకొలది ఊట. ఊట పెరిగినకొలది వరి. దిగుబడి తగ్గినచో ఎరువు పెంచుట. మనవారిలో చాలమంది దీనిని దురాశ యని యొప్పుకొనరు, వేరు దారి లేదందురు. రెండును నిజములే.

ఇంతకంటె బాధాకరమైన మాట మరియొకటి. ఎగువ కాలువ క్రింది వరి త్రాగిన నీరు ఎవరిది? మాన్వి, రాయచూరు వైపు చివరి ఆయకట్టు రైతులది. వారిలో అధికులు కన్నడ రైతులు, చిన్నకమతములవారు. తూముల వద్ద తగవులు, ధర్నాలు, రాత్రి కావలి ప్రతి వేసవిలోను జరుగుచున్నవే. ఎగువన వరి వేసినవారిలో స్థానికులును అనేకులున్నారు గనుక దీనిని భాషల తగవుగా చూచుట పొరపాటు. అయినను మన సంచికలలో ఎగువ పొలము పచ్చదనమే వ్రాసి దిగువ పొలము ఎండుటను వదలివేయుట తగదని నా యభిప్రాయము. మనకు చోటిచ్చిన ప్రజలతో బాంధవ్యమునకు కొలత తూము దగ్గరనే కలదు గాని సభావేదికమీద లేదు.

పత్తి విషయము సంగ్రహముగా చెప్పుదును. 1972లో ధార్వాడలో పుట్టిన వరలక్ష్మి అను సంకర పత్తిని కన్నడదేశపు నల్లరేగళ్ళలో ఉత్సాహముతో పెంచినవారిలో గుంటూరు రైతులు ముందుండిరి. తెల్లదోమ, శనగపచ్చ పురుగు వెంబడించినవి. 1987-88లో గుంటూరు, ప్రకాశము మండలములలోను, 1997-98లో వరంగల్లులోను పత్తిరైతుల మరణములు మనకు తెలిసినవే. పురుగు మందులకు అలవాటుపడెను, అప్పు పెరిగెను, డబ్బా మాత్రము చేతికి దగ్గరలోనే యుండెను.

ఇంతవరకు చెప్పినది విని నది చెడుటకు రైతే కారణమని ఎవరైన తలచినచో అన్యాయము. తుంగభద్ర మన పొలములకు చేరకముందే దేశాభివృద్ధి దానిని పలుచోట్ల తాకినది. భద్ర పుట్టిన కుదురేముఖ కొండలలో ఇనుపరాతి గనిని 1976లో స్థాపించిన ప్రభుత్వ సంస్థ త్రవ్వెను. సుప్రీంకోర్టు తీర్పుపై 2005 చివర ఆ పని ఆగెను. హరిహరము దగ్గర కుమారపట్టణమున 1970లలో నెలకొన్న గుజ్జు కర్మాగారపు మురుగునీటితో 1980లలో చేపలు తేలి చచ్చెను. దిగువ గ్రామస్థులును ధార్వాడ ప్రాంతపు ప్రజాసంఘములును న్యాయస్థానమునకెక్కిరి. బళ్ళారి, సండూరు కొండలను ఈ శతాబ్దపు మొదటి దశకమున ఇనుపరాతి కొరకు ఎట్లు తొలిచిరో లోకవిదితము. 2011 జూలైలో సుప్రీంకోర్టు అడ్డుపడువరకు ఎఱ్ఱని దుమ్ము ఆకాశమున నిలిచెను. అడవులు కొట్టిన కొండలనుండియు, దున్నిన వాలుభూములనుండియు, గనులనుండియు కొట్టుకొని వచ్చిన మన్ను జలాశయమున చేరెను. మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము నేడు 106 టి.ఎం.సి.లకు లోపే పట్టుచున్నది. పోయిన ఆ 27 టి.ఎం.సి.ల చోటు ఎన్ని ఎకరముల ఆరుతడికి సరిపోవునో చివరి ఆయకట్టు రైతు నడుగుడు. ఇటీవలి సంవత్సరములలో జలాశయపు నీరు ఋతువు ననుసరించి పచ్చని పాచితో చిక్కబడుటయు కలదు. ఎగువ పట్టణముల మురుగు, కర్మాగారముల మలినము, శివమొగ్గ, దావణగెరె వైపు వరిమళ్ళ ఎరువు అందులకు కారణములు. పైవారు మనకు పంపినదానికి మన పాలు చేర్చి మనము క్రిందివారికి పంపుచున్నాము.

ఎరువు మోతాదు పెరుగుటకు రైతు అజ్ఞానమే కారణమని ఉపన్యాసములలో చెప్పుట ఆచారము. నాకది నచ్చదు. 1992లో ప్రభుత్వము భాస్వరము, పొటాషు ఎరువుల ధరలపై అదుపు తీసివేసి యూరియా ధరను మాత్రము తక్కువలో కట్టిపెట్టెను. 2010లో వచ్చిన క్రొత్త పద్ధతియు యూరియాను అట్లే విడిచిపెట్టెను. చవుకగా దొరకునది ఎక్కువగా చల్లుటకు అజ్ఞాన మక్కరలేదు, లెక్క తెలిసిన చాలును. మరియు క్యాంపు చుట్టు నేడు సేద్యము చేయువారిలో పలువురు కౌలుదారులు. విత్తనమును ఎరువును మందును అప్పుగా ఇచ్చు దుకాణదారునకే ధాన్యము కొలుచు ఒప్పందముండును. మందు పేరు అతడే చెప్పును, మోతాదు అతడే చెప్పును. వచ్చే యేడు ఈ పొలము తనదో కాదో తెలియని కౌలుదారు జనుము చల్లి నేలకు బలమిచ్చునా? భూస్వాముల పిల్లలు బెంగుళూరులోను హైదరాబాదులోను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్నారు. నేలతో వారి సంబంధము కౌలు సొమ్మే.

చిన్న ఊరటలు లేకపోలేదు. 2015నుండి యూరియాకంతటికి వేపనూనె పూత తప్పనిసరి చేసిరి; అది నత్రజని జారిపోవుటను మందగింపజేయును. వేపపిండిలో ఎరువు కలిపి చల్లుమని చెప్పిన పాత రైతులు ఇది విని నవ్వుకొనియుందురు. గంగావతిలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రము దశాబ్దములుగా చవుడునేలలపై పనిచేయుచున్నది. నేల అడుగున చిల్లుల గొట్టములు పరచి ఉప్పునీటిని వెలికి తీయుట, జిప్సము వేయుట, జీలుగ తొక్కించుట, చవుడునకు ఓర్చు వంగడములు అందులోనివి. దమ్ము లేకుండ పొడినేలలో విత్తు వరియు కొన్నిచోట్ల వ్యాపించుచున్నది; నీరు తక్కువ పట్టును గాని కలుపు ఎక్కువ, కలుపునకు మరల మందు. ఏ ఒక్క రైతును తన పొలమున మాత్రమే గొట్టములు పరచి బాగుపడలేడు. ప్రక్కవాని ఊట తన పొలములోనికి వచ్చును. కనుక వాగు వెంబడి రైతులందరు, ఏ భాషవారైనను, కలిసి చేయవలసిన పని ఇది.

నది మాత్రము ఇంకను చావలేదు. ముద్లాపురము నుండి కంప్లి వరకు 34 కిలోమీటర్ల తీరమును కర్ణాటక ప్రభుత్వము 2015లో నీటికుక్కల సంరక్షణ స్థలముగా ప్రకటించెను. చేపలను తిని బ్రతుకు ఆ ప్రాణి నీరు పూర్తిగా విషమైనచోట నిలువదు. విజయనగరపు కాలువలు ఆరంభమగు ఆ రాళ్ళ నడుమనే అది నేటికిని పిల్లలను పెంచుచున్నది.

కంప్లి దాటిన తుంగభద్ర సిరుగుప్ప మీదుగా, మంత్రాలయము మీదుగా, కర్నూలు మీదుగా ప్రవహించి సంగమేశ్వరము వద్ద కృష్ణలో కలియును. సింధనూరు, గంగావతి పొలముల మురుగు వాగుల గుండా దీనిలోనికే దిగును. అచటనుండి శ్రీశైలము, నాగార్జునసాగరము. ఆ పై ఆ నీటిలో ఒక పాలు విజయవాడలో ప్రకాశం బ్యారేజి వద్ద కాలువలకెక్కి, మన తాతలు అమ్ముకొని వచ్చిన ఎకరముల మీదుగా సముద్రమునకు పోవుచున్నది.